ఆపగలిగిన పిల్ల

డాక్టరు లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాక దయమ్మ మొదటిసారి కూతురి వైపు చూసింది.

తిట్టలేదు. కబురు విని పని మధ్యలో ఇంటికి పరుగెత్తి, ఊరి నుంచి పలాస దాకా ఆటోలో మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, ప్రభువును పిలుస్తూ వచ్చిన మనిషి, ఇప్పుడు పెదవి కదపకుండా ఊరికే చూసింది. మిరియం గోడకు అతుక్కుపోయి నిలబడింది. బడి యూనిఫాం మీద, మెడ దగ్గర నుంచి నడుం దాకా, కొబ్బరినీళ్ళు ఒలికి ఆరిన చార ఉంది. దాన్ని చేత్తో కప్పుకోవాలని కూడా ఆ పిల్లకు తోచలేదు.

నిస్సీ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అత్తకూ ఆడపడుచుకూ మధ్య ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు తప్పుకోవాలో ఆమెకు ఇంకా చేతకావడం లేదు.

తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. డయాలసిస్ మిషను పెట్టారని, ఊపిరి కాస్త నెమ్మదించిందని, గుండె ఇంకా తిన్నగా కొట్టుకోవడం లేదని చెప్పింది. తరవాత ముగ్గురి వైపూ చూసి, "బొండాం ఎవరిచ్చారు?" అని అడిగింది.

"నేనే," అంది మిరియం.

నర్సు ఆ పిల్లను ఏమీ అనలేదు. దయమ్మనే కసురుకుంది. కిడ్నీలు పోయిన మనిషికి మంచినీళ్ళే కొలిచి ఇమ్మంటుంటే బొండాం కొట్టి ఇస్తారా అని, అందులోని పొటాషియం నేరుగా గుండె మీద దెబ్బ కొడుతుందని ఎన్నిసార్లు చెప్పాలని, ఉద్దానం వాళ్ళకు చెప్పీ చెప్పీ తన నోరు పడిపోతోందని విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ విసుగులో అబద్ధం లేదు. ఉద్దానంలో జ్వరం వచ్చినా బొండామే, వాంతులైనా బొండామే, ఎండనపడి వచ్చిన చుట్టానికి ముందు చేతిలో పెట్టేదీ అదే. పెరట్లో పొట్టి చెట్టు చేతికందే ఎత్తులో గెలలు వేసుకుని నిలబడి ఉంటే, అది విషమని నమ్మడం ఆ ఊళ్ళో ఎవరి తరమూ కాలేదు. మిరియం మాత్రం నమ్మింది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఇంట్లో డాక్టరు మాటను అక్షరం పొల్లుపోకుండా పట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

కాశీబుగ్గలో తన సెల్‌ఫోన్ల కొట్టు షట్టరు సగానికి దించేసి క్రాంతికుమార్ పరుగెత్తుకు వచ్చాడు. మెట్ల మలుపులో అతని తల కనబడగానే నిస్సీ గుండె ఎగిరి గంతేసింది. పొద్దున్న విడిచిన మనిషే కదా అని లేదు, ఆసుపత్రి అని లేదు. ఎక్కడ కనబడ్డా దాని తీరు అంతే. మరుక్షణం ఆమెకు సిగ్గేసింది.

దయమ్మ కొడుకుతో మాట్లాడింది. కూతురు అక్కడ లేనట్టే మాట్లాడింది.

"సిన్నపిల్ల, తెలీక ఇచ్చీసిందంటే నాను నమ్ముదును. ఇదివరకటి మిరియం అయితే ఇచ్చీసుండును. కంచం ఇసిరీసేది, బళ్ళో తోటి గుంటని కొరికీసేది, కోపమొత్తే ఏటి సేత్తాదో దానికే తెలీదు. ఇప్పుడు అలగ కాదు కదా. ఆపుకోడం నేర్సుకుంది. మీరే సెప్పినారు."

"ఇప్పుడదంతా ఎందుకమ్మా."

"ఎందుకా? ఆపుకోడం రాని మనిషి ఇత్తే పొరపాటు. వొచ్చిన మనిషి ఇత్తే ఏటంతారు రా దాన్ని?"

అత్త అన్న ఆ 'మీరు' తనేనని నిస్సీకి తెలుసు.

టెక్కలిలో తను చదివిన కాలేజీలో సైకాలజీ చెప్పే ప్రదీప్ సార్, ఎదిగే పిల్లల ఆత్మనిగ్రహం మీద పరిశోధన మొదలుపెట్టాడని విని, పెళ్ళయిన కొత్తలోనే మిరియంని అందులో చేర్పించింది తనే. కంప్యూటరు తెర మీద ఆకుపచ్చ గుండ్రం కనబడితే మీట నొక్కాలి. నొక్కబోయే లోపల అది ఎర్రబడితే వేలు ఆపేసుకోవాలి. అంతే ఆట. వారాల తరబడి ఆడించారు. ఆట మొదలుకాక ముందొకసారి, అయిపోయాక ఒకసారి విశాఖపట్నం తీసుకెళ్ళి, పెద్ద మిషనులో పడుకోబెట్టి బుర్ర ఫోటోలు తీయించారు. మిరియం చేరినప్పుడు అందరికంటే వెనక ఉండేది. ఆఖరికి అందరికంటే ముందుకొచ్చింది. ఆ రోజు బస్సులో వదినా ఆడపడుచులిద్దరూ ఒకే మొక్కజొన్న కండె చెరోవైపు నుంచీ కొరుక్కుంటూ నవ్వుకుంటూ ఇంటికొచ్చారు.

ఆ సంగతి పాస్టరుగారి చెవిన పడింది. బైబిలు చెప్పిన ఆత్మ ఫలాల్లో చివరిది ఆశానిగ్రహం, దాన్ని ఈ బిడ్డ సాధించిందని ఆదివారం ఆరాధనలో మిరియంని నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. కంచం విసిరిన పిల్ల, నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఏడ్చే పిల్ల, తెల్ల పరికిణీ పిడికిట్లో పట్టుకుని, "నాకిప్పుడు ఆపడం వచ్చు" అంది. ఆమె వెనకే తండ్రి జెకర్యా లేచాడు. సంఘపెద్ద ఆయన. తన దాహాన్ని కూడా ప్రభువు చేతిలో పెట్టేశానని, ఇప్పుడు నీళ్ళ కోసం ప్రాణం కొట్టుకోవడం లేదని చెప్పాడు. చర్చి అంతా స్తోత్రం అంది. దయమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ వారమే ఆవిడ మానేసిన జీడిపప్పు ఫ్యాక్టరీ పనికి మళ్ళీ వెళ్ళింది. మొగుడికి కొలిచి ఇచ్చే నీళ్ళసీసా కూతురి చేతికిచ్చింది. ఇవ్వడానికి తటపటాయిస్తుంటే, మిరియం ఉంది కదా అత్తమ్మా, మీకెందుకు బెంగ అన్నది కూడా నిస్సీయే.

*

మందుల కోసం కిందికి దిగుతుంటే మిరియం వెనకాలే వచ్చింది. మెట్ల మలుపులో నిస్సీ ఆగి, కొంగు తడిపి ఆ పిల్ల యూనిఫాం మీది చారను తుడవబోయింది. మిరియం చెయ్యి తోసేసింది.

"ఉండనీ వొదినా."

"నువ్వు కొట్టిచ్చావా? కత్తితో నువ్వే?"

"ఊ."

"ఎందుకే?"

కింద ఎవరో వీల్‌చెయిరు తోసుకుపోతున్న చప్పుడు. అది పోయేదాకా మిరియం ఆగింది. నాన్న రోజూ అడుగుతాడని చెప్పింది. అమ్మ ఫ్యాక్టరీ వ్యాను ఎక్కేవరకూ ఊరుకుని, అన్నా వదినలు బండి మీద పలాసలో పనులకు వెళ్ళిపోయాక, పెరట్లోకి మంచం వేయించుకుని చెట్టు వైపు చూస్తూ అడుగుతాడు. ఒక్క కాయ అంటాడు. ఒక్క గుక్క అంటాడు. వద్దు నానా అని తను అంటుంది. రోజూ అంతే. ఈరోజు మాత్రం అలా జరగలేదు.

"ఇయ్యాల ఏడ్చీసినాడు వొదినా. మాటల్లేవు. నా కాళ్ళకేసి సూత్తూ ఏడ్చినాడు. నాన ఏడిత్తే ఎలగుంటాదో నాకు తెలీదు. నాను ఎప్పుడూ సూడనేదు."

నిస్సీ మెట్టు మీద కూర్చుని ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మకి సెప్పకు," అంది మిరియం. "నాన అడిగినాడని సెప్పినా పర్నేదు గానీ, ఏడ్చినాడని సెప్పకు. సర్చిలో అలగ సాక్ష్యం సెప్పినాడు కదా. సిగ్గుపడి సచ్చిపోతాడు."

"మరి నిన్ను అంటున్నారు కదే అందరూ?"

"అననీ."

"మిరియమా."

"ఒట్టెయ్యి."

నిస్సీ ఒట్టు వేసింది. అరచేతిలో అరచెయ్యి పెట్టినప్పుడు ఆ పిల్ల చెయ్యి జిగటగా, తియ్యటి వాసన వేస్తూ ఉంది.

*

మర్నాడు నిస్సీ ప్రదీప్ సార్‌ని వెంటబెట్టుకు వద్దామని టెక్కలి బయల్దేరింది. దయమ్మ మాటకు తను జవాబు చెప్పలేకపోయింది. సార్ చెప్పగలడు. పదిహేనేళ్ళ పిల్ల బుర్ర ఇంకా ఎదుగుతూ ఉంటుందని, ఎంత నేర్పినా తడబడుతుందని, కావాలని చేసింది కాదని ఆయన వచ్చి ఒక్కమాట చెబితే చాలు. అలా అనుకున్నాక మనసు కాస్త తేలికైంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రాత్రి వానకు వరిచేలు కడిగినట్టు మెరుస్తున్నాయి. నందిగాం దగ్గర బస్సు ఆగితే, తన పుట్టింటి వైపు పోయే రోడ్డు మలుపులో కల్వర్టు మీద ఎవరో ఎర్ర జాకెట్లు ఆరేశారు. క్రాంతి ఫోనులో మెసేజి పెట్టాడు. తిన్నావా అని. పక్కన చిన్న గుండె బొమ్మ.

తినలేదని రాసి, ఆమె కూడా గుండె బొమ్మ పెట్టబోయి మానేసింది. మావగారి గుండెకు తీగలు తగిలించిన దృశ్యం కళ్ళముందు ఆడింది.

ప్రదీప్ సార్ స్టాఫ్ రూములో ఒక్కడే ఉన్నాడు. కుర్చీ లాగి వేశాడు, కుర్రాడిని పంపి టీ తెప్పించాడు. ఆమె చెబుతుంటే మొదట్లో తల ఊపాడు. తరవాత ఊపడం మానేశాడు.

"ఆ పిల్ల చేతికి పేషెంటుని అప్పజెప్పారా?"

"మార్కులు అంత బాగా వచ్చాయి కదా సార్."

"మార్కులు ఆటవి నిస్సీ."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఫలితాలు వచ్చాయని, పిల్లలకు, తల్లిదండ్రులకు సమావేశం పెట్టి చెప్పాలనుకుంటున్నామని అన్నాడు. అప్పుడు నెమ్మదిగా, క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పాడు. ఆపడం నేర్చుకున్న పిల్లలు ఒక జట్టు. అదే ఆటను ఆపే పని లేకుండా, ఊరికే వేగంగా నొక్కుతూ ఆడిన పిల్లలు రెండో జట్టు. ఆపే ఆటలో మొదటి జట్టు బాగా మెరుగైంది. అందులో సందేహం లేదు. కాని ఆట బయట, కోపంలో, ఓపికలో, చదువులో, ఇప్పుడు కావాలా తరవాత కావాలా అనే ఎంపికలో, రెండు జట్లకూ తేడా లేదు. బుర్ర ఫోటోల్లో కూడా లేదు. ఏడాది గడిచాక మళ్ళీ చూసినా లేదు.

"అంటే ఏమీ జరగలేదా సార్?"

"మా దగ్గర జరిగింది అది. ఇంకోచోట ఇంకోలా జరగొచ్చేమో. మేం చూసినంతలో, ఆ వయసు బుర్ర దాని టైముకి అది పెరుగుతోంది. మా ఆట దాన్ని ముందుకీ నెట్టలేదు, వెనక్కీ లాగలేదు."

"కాని మిరియం మారింది సార్. నేను చూశాను. కంచాలు విసరడం మానేసింది."

"మీరంతా మెచ్చుకున్నారు కదా. దానికి మారి ఉండొచ్చు. లేదా ఒక ఏడాది పెద్దదయింది. నాకు తెలీదు." ఆయన కళ్ళజోడు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. "మా వల్ల ఆ పిల్లలకి మేలు జరగలేదని తెలిసినప్పుడు బాధపడ్డాను. కనీసం చెడు జరగలేదు కదా అనుకున్నాను. నిన్నటిదాకా."

తను వచ్చి చెబుతానన్నాడు. నిస్సీ వద్దంది. అప్పటికే ఆ మాట చెప్పాల్సింది తనేనని తెలిసిపోయింది. అమ్మాయి దోషి కాదని చెప్పాలంటే, చర్చిలో అందరూ స్తోత్రం చెప్పిన ఆ పిల్ల విజయం ఉత్తుత్తిదని కూడా అదే నోటితో చెప్పాలి.

తిరుగు బస్సులో కిటికీ సీటు మళ్ళీ దొరికింది. ఆమె బయటికి చూడలేదు.

*

జెకర్యాను ఇంటికి తెచ్చిన సాయంత్రం వాన లేదు, గాలీ లేదు. వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. మనిషి సగమయ్యాడు. కాళ్ళ వాపు దిగి, చర్మం వదులు సంచిలా వేలాడుతోంది. ఇంకోసారి ఇలా అయితే తాము చేయగలిగింది ఉండదని డాక్టరు చెప్పి పంపాడు.

దయమ్మ పెరట్లోని పొట్టి చెట్టు గెలలన్నీ కోయించి పక్కింటి అసిరయ్య బండిలో వేయించేసింది. ఉట్టి చెట్టు చూస్తే ఇంకా దిగులుగా ఉంది. మిరియంకు అన్నం పెడుతోంది, కంచం ముందుకు తోస్తోంది, మాట మాత్రం లేదు. మిరియం మూడు ముద్దలు తిని లేస్తోంది. ఎందుకు లేచావని అడిగే మనిషి లేదు.

ఆ సాయంత్రం దయమ్మ కొడుకును పిలిచి, జలంత్రకోటలో ఉన్న మేనత్త భారతికి ఫోను చెయ్యమంది. గుంట అక్కడే ఉండి చదువుకుంటుందని చెప్పమంది. పదో తరగతి మధ్యలో బడి ఎలా మారుస్తామని క్రాంతి అన్నాడు. మారకపోతే మానేస్తుందని దయమ్మ అంది. జెకర్యా కళ్ళు మూసుకునే విన్నాడు. మిరియం గుమ్మం పక్కన నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

నిస్సీ అప్పుడు మాట్లాడింది. మంచం కోడు పట్టుకుని, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. టెక్కలి వెళ్ళానంది. సార్ చెప్పినది చెప్పింది. ఆ ఆట వల్ల వేలు ఆగుతుందే తప్ప మనిషి మారడంది. బుర్రలో ఏ తేడా రాలేదంది. మిరియం ఎప్పటి మిరియమేనని, పదిహేనేళ్ళ పిల్ల ఎలా ఉంటుందో అలాగే ఉందని, అలాంటి పిల్ల చేతికి మనమే అంత బరువు అప్పజెప్పామని, ముందుగా అప్పజెప్పమన్నది తనేనని చెప్పింది.

"తప్పు నాది అత్తమ్మా. తను ఆపుకోలేకపోయింది. అంతే."

దయమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఆవిడ ముఖంలో కోపం కరిగి, దాని కింద అంతకంటే అలసిపోయినదేదో బయటపడింది.

"అయితే ఏటీ నేర్సుకోనేదా?"

"లేదు."

"అన్ని దినాలు టెక్కలి తిరిగింది, ఇసాపట్నం ఎల్లింది, సర్చిలో నిలబడింది, అదంతా..."

నిస్సీ తల దించుకుంది.

"పోనీలే," అంది దయమ్మ. కొంచెం మెత్తగానే అంది. "దానికి రాదు. రానిదాన్ని ఏటంతాం. ఎర్రి గుంట." కూతురి వైపు తిరిగి, అన్ని రోజుల తరవాత మొదటిసారి ఆ పిల్లతో నేరుగా మాట్లాడింది. "లే, ముకం కడుక్కో."

మిరియం లేవలేదు.

"నాకొచ్చు," అంది.

"ఏటి?"

"ఆపడం నాకొచ్చు. వొదిన అబద్ధమాడతంది."

"మిరియమా, అబద్ధం కాదే. సార్ స్వయంగా..." నిస్సీ అనబోయింది.

"నువ్వేటి సూసినావు? ఆ సారేటి సూసినాడు? మీరు బుర్ర ఫోటో సూసినారు. నాను పెరట్లో ఉన్నాను." ఆ పిల్ల గొంతు లేవలేదు. అదే భయంగా ఉంది. ఇదివరకు అరిచేది. "నాన కాడ నిలబడ్డాను. ఇవ్వకూడదని గుర్తొచ్చింది. ఆగినాను. కత్తి కింద పెట్టి సేనాసేపు ఆగినాను. ఆలోసించినాను. నానకేటవుతాదో తెలుసు. అన్నీ తెలిసే మల్లీ కత్తి తీసినాను. సెయ్యి ఆగక కాదు."

"అలా అనకే," అంది నిస్సీ. ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో ఆమెకు కనబడుతోంది.

"నాకు రాదనకండి. ఏటన్నా అనండి, నాకు రాదని మాత్రం అనకండి."

రోడ్డు మీద చేపల వ్యాను హారను కొట్టుకుంటూ పోయింది. నిస్సీ ఆ పిల్ల ముఖం చూసింది. నిజం చెబుతోందో, జీవితంలో ఒక్కసారి గెలిచిన గెలుపును పోనివ్వలేక అలా అంటోందో తెలుసుకుందామని చూసింది. మనసు గురించి మూడేళ్ళు పుస్తకాలు చదివిన తనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బహుశా ఆ పిల్లకు కూడా తెలియదు.

దయమ్మ ముఖంలో ఇందాక కరిగినదంతా మళ్ళీ గడ్డకట్టింది.

"అయితే తెలిసే ఇచ్చినావు."

"ఊ."

"అయ్య సచ్చిపోతాడని తెలిసే."

మిరియం మోకాళ్ళను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఎందుకిచ్చినావే? ఊరికే, కూకుని, ఆలోసించుకుని, కన్నతండ్రికి అది కొట్టి ఇచ్చీసినావా? అడిగినాడా నిన్ను?"

మిరియం కళ్ళు మంచం వైపు వెళ్ళాయి. నిస్సీవి కూడా వెళ్ళాయి. జెకర్యా కళ్ళు తెరిచి ఉన్నాడు. ఎప్పటినుంచి తెరిచి ఉన్నాడో.

దయమ్మ మంచం దగ్గరికి వంగింది. "నువ్వు సెప్పు. నువ్వడిగినావా దీన్ని?"

చర్చిలో నిలబడి ఆయన మాట్లాడినప్పుడు వెనక బెంచీల దాకా వినబడే గొంతు. ఇప్పుడు పెదవుల మీదే ఆగిపోతోంది. ఆయన ముందు భార్యను చూశాడు. కొడుకును చూశాడు. ఆఖరున కూతురి మీద చూపు నిలిపాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. పెరట్లో కూడా ఇలాగే చూసి ఉంటాడని నిస్సీకి తట్టింది.

"నాను అడగనేదు," అన్నాడు.

మిరియం నోరు తెరుచుకుంది. మెడ మీద నరం లేచింది. ఇప్పుడు అరుస్తుందని, చేతికందింది విసురుతుందని క్రాంతి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ పిల్ల గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది. నోరు నెమ్మదిగా మూసుకుంది.

"అవును," అంది. "నాన అడగనేదు. నానే ఇచ్చినాను."

దయమ్మ లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టె మీద ఉన్న సంచీ తెచ్చి కూతురి ముందు పెట్టింది. క్రాంతి ఫోను తీసుకుని వీధిలోకి నడిచాడు. వెళ్ళేటప్పుడు నిస్సీ వైపు చూడలేదు. పెళ్ళయ్యాక అతను అలా చూడకుండా వెళ్ళడం అదే మొదలు.

మిరియం లేచి దండెం మీంచి బట్టలు తీసుకుంది. ఒక్కొక్కటీ మోకాళ్ళ మీద పరిచి, ముడతలు లేకుండా మడిచింది. నిస్సీ నాలుక చివర దాకా వచ్చిన మాట అక్కడే ఉంది. ఒక్క మాట. మెట్ల మలుపులో విన్నది విన్నట్టు చెప్పేస్తే చాలు. ఆమె పెదవి కదలడం చూసి మిరియం తల అడ్డంగా ఊపింది. కొంచెమే. ఇంకెవరికీ కనబడనంత.

వీధిలో క్రాంతి గొంతు వినబడుతోంది. లేదత్తా, గొడవేమీ లేదు, ఊరికే కొన్నాళ్ళు, పొద్దున్నే నేనే బండి మీద దింపుతాను అంటున్నాడు.

నిస్సీ వెళ్ళి మావగారి మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద ఊపిరి బరువుగా, నిద్రపోయే మనిషి ఊపిరిలా కాకుండా ఆడుతోంది.

"మావయ్యా," అంది ఆమె, ఆయనకు మాత్రమే వినబడేలా. "మీరు చెప్పడానికి పొద్దున్న బండి తీసేవరకూ టైముంది."

దుప్పటి కింద ఊపిరి ఒక్క క్షణం ఆగింది.